రహస్యనామము - వశీకరణమా? విస్రంభమా?

నిజనామము నెరిగినవానికి నామి వశుడగుననెడి భావము పాశ్చాత్యుల అద్భుతకథలలో తరచుగా కనబడుచున్నది. అమెరికా రచయిత్రి ఉర్సులా లెగ్విన్ 1968లో ప్రకటించిన ‘ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’ అను నవల దీనికి ప్రసిద్ధోదాహరణము. ఆ కల్పితలోకమున ప్రతి వస్తువునకును సృష్టిభాషలో ఒక నిజనామము కలదు. దాని నెరిగిన మాంత్రికుడు ఆ వస్తువును శాసింపగలడు. అందుచే మనుష్యులు నిజనామమును దాచి, వ్యవహారమునకు వేరొక పేరు పెట్టుకొందురు. కథానాయకుని నిజనామము గెడ్. లోకము వానిని స్పారోహాక్ అని డేగ పేరుతో పిలుచును.

ఇట్టి గ్రంథములను గూర్చి పండితులలో రెండు మాటలు వినబడుచుండును. ఇవి బాలవినోదములు, విచారణార్హములు కావని యొకటి. ఇది మన మీమాంసకుల శబ్దార్థసంబంధవాదమే, వారు మననుండి గ్రహించిరని మరియొకటి. రెండును విచారసహములు కావు.

జైమిని శబ్దార్థసంబంధము ఔత్పత్తికమనిన మాట నిజమే. కాని ఆ నిత్యత్వము గవాది జాతివాచకములకు సంబంధించినది. డిత్థ దేవదత్తాది వ్యక్తినామములు పురుషకల్పితములనియే మీమాంసకుల సమ్మతము. ఎర్త్‌సీ మాంత్రికునకు కావలసినదో, వ్యక్తినామమే. ఇక మంత్రశక్తి యందురా, త్వష్ట ‘ఇంద్రశత్రు’ పదమును స్వరదోషముతో పలుకగా వృత్రుడే హతుడయ్యెననెడి ఆఖ్యానము జగద్విదితము. అచ్చట ఫలమును నిర్ణయించినది స్వరము, గోప్యత కాదు.

పరస్వీకరణవాదమునకును ఆధారము లేదు. ఐసిస్ దేవత సర్పదంశముచే సూర్యదేవుడగు రాను బాధించి వాని రహస్యనామమును రాబట్టిన కథ ప్రాచీన ఈజిప్టులో కలదు. గ్రిమ్ సోదరులు 1812లో ప్రకటించిన జర్మను కథలలో రుంపెల్‌స్టిల్ట్‌స్కిన్ పేరు తెలియుటతోడనే వాని పట్టు సడలును. నామగోపనము పెక్కు జాతులలో కానవచ్చు భావము. ఒక్కరి సొత్తు కాదు.

మన వాఙ్మయమున దీనికి నిజమైన సాదృశ్యము దర్శనములలో కాక గృహ్యకర్మలలో వెదకవలెను. శతపథబ్రాహ్మణము అర్జునశబ్దమును ఇంద్రుని గుహ్యనామముగా చెప్పుచున్నది. బృహదారణ్యకము నవజాతశిశువునకు వేదశబ్దమును గుహ్యనామముగా విధించుచున్నది. ఆపస్తంబుడు జాతకర్మమున నక్షత్రనామమును నిర్దేశించి, అది రహస్యమనెను. ఆశ్వలాయనుడు అభివాదనీయనామమును ఉపనయనము వరకు తల్లిదండ్రులు మాత్రమే యెరుగవలెననెను.

ఈ కడపటి విధి గమనింపదగినది. ఇచ్చట రహస్యమునకు అవధి కలదు. శిశువు నామమును తల్లిదండ్రులు కాపాడుదురు. వటువు గురుసన్నిధిని చేరి, ఆ నామముతో అభివాదము చేయును. నామము దాచబడినది తగినవానికి అర్పింపబడుటకే. కావున గుహ్యనామమున ప్రధానము వశీకరణము కాదు, విస్రంభము.

లెగ్విన్ నవలలోను ఈ రెండు పక్షములును కలవు. గెడ్ ఒక మహాసర్పము పేరు యెవాడ్ అని ఊహించి పలికి, దానిచే శపథము చేయించును. ఇది వశీకరణము. గర్వముచే ఘోరమైన ఛాయను లోకముమీదికి విడిచి, ఆత్మవిశ్వాసమును కోల్పోయిన గెడ్‌నకు, వెచ్ అను మిత్రుడు అడుగకయే తన నిజనామము ఎస్టారియోల్ అని తెలిపిపోవును. ఇది విస్రంభము. తుదకు గెడ్ ఆ ఛాయను తన పేరుతోనే పిలిచి, దానిని తనలో చేర్చుకొనును. మాంత్రికప్రభావముకంటె మిత్రుని వాక్యమే పాఠకుని హృదయమున నిలుచును.

తెలుగుదేశపు వైదికులలో ఆపస్తంబసూత్రులు అధికులు. అయినను నేడు జన్మనక్షత్రము జాతకపత్రమున వ్రాయబడి, దేవాలయమున అర్చనవేళ పదిమంది నడుమ బిగ్గరగా చెప్పబడుచున్నది. నక్షత్రము తెలిసినపిమ్మట నక్షత్రనామమున రహస్యమేమి మిగులును? సూత్రము వల్లింపబడుచునే యున్నది; విధి జారిపోయినది. దీనిచే ఎవరికిని అభిచారభయము కలుగలేదు. నష్టమైనది వేరు: తన పేరును ఒకరికి అప్పగించుట యనెడి గంభీరమైన క్రియ.

కావున ప్రాచ్యకళాశాలల పరిశోధకులు “మనదే ముందు” అనెడి వాదమును విడిచి, గృహ్యసూత్రములను, హరదత్త సుదర్శనాచార్యాదుల వ్యాఖ్యలతో ప్రక్కప్రక్కన నుంచి చూడవలెను. నామము ఎవరు పెట్టుదురు, ఎందాక దాచుదురు, ఎవరికి తెలుపుదురు అను మూడు ప్రశ్నలకు సూత్రకారుల వారీగా సమాధానములు కూర్చినచో, లెగ్విన్ కథయే కాదు, మన సంస్కారమును మనకు తేటపడును.