మూత్రపిండ పరీక్ష ఊరి ఆసుపత్రిలోనే జరగాలి

ఇల్లు కాలుతుంటే బావి త్రవ్వబూనడం అవివేకమని పెద్దలంటారు. మూత్రపిండ వ్యాధి విషయంలో నేడు మనం చేస్తున్నది ఆ పనియే.

పచ్చని కృష్ణా డెల్టాకు ఎగువన, తిరువూరు సమీపంలో ఎ.కొండూరు మండలమున్నది. ఒకనాటి కృష్ణా జిల్లాలోని ఈ మండలం 2022లో ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినది. అచ్చటి లంబాడీ తండాలలో కాయకష్టం చేసి బ్రతికేవారు పలువురు ఈ వ్యాధికి బలియైనారు. బోరు నీటిపై అనుమానం కలిగి, తండాలకు కృష్ణా జలాలనందించే పథకం చేపట్టారు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానానిదీ ఇదే వ్యథ. ఆ ప్రాంతపు రోగులకై పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమైనవి. ఇవి హర్షణీయములే. కాని వ్యాధి ముదిరిన పిదప ఎంత గొప్ప ఆసుపత్రి అయినా చేయగలిగినది స్వల్పమే.

ఈ వ్యాధి మౌనంగా పెరుగుతుంది. మూత్రపిండాల శక్తి చాలవరకు నశించేదాకా నొప్పి ఉండదు. కాళ్ళవాపు, ఆయాసం కనిపించేసరికి సాధారణంగా వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్ తప్పని దశ సమీపిస్తుంది. ఒక్కొక్కసారి సుమారు నాలుగు గంటలు. రోజుకూలీ కుటుంబానికి అది కూలిని, కూటిని కూడ పోగొట్టుకొనడమే.

నివారణ లేని రోగానికి పరీక్ష యెందుకని కొందరి ప్రశ్న. ముందుగా తెలిసినచో రక్తపోటును, మధుమేహాన్ని అదుపులో ఉంచి, నొప్పి మాత్రలు మాన్పించి, వ్యాధి వేగాన్ని తగ్గించవచ్చును. అందుకు కావలసినవి మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష, రక్తంలో క్రియాటినిన్ పరీక్ష. ఒక్క ఫలితంతో తీర్పు చెప్పరాదు; మూడు నెలల తరువాత మరల చూచి నిర్ధారించాలి.

ప్రస్తుతం ముప్పది యేండ్లు దాటినవారికి రక్తపోటు, మధుమేహ పరీక్షలు జరుపుతున్నారు. అవి చాలవు. ఉద్దానంలో ఆ రెండూ లేని రైతుకూలీలకు కూడ వ్యాధి సోకినది. పలువురి మూత్రంలో ఆల్బుమిన్ స్వల్పమే. కనుక రక్తపోటు, మధుమేహం ఉన్నవారికి, కుటుంబంలో ఈ వ్యాధి కలవారికి అన్నిచోట్ల, ఎ.కొండూరు వంటి ప్రాంతాలలో వయోజనులందరికీ, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే రెండు పరీక్షలూ ఏటేటా జరగాలి.

విద్యార్థి మిత్రులారా! ఈ విషయాన్ని తెలుగులోను, ఉర్దూలోను ఇంటింటికీ చేర్చడం మనకు సాధ్యమే. కళాశాల కమిటీ పెద్దలు వచ్చే సేవా శిబిరాన్ని ఇందుకై నిర్వహింప ప్రార్థన. ముందుగా మన యింటి పెద్దలను పరీక్షకు తీసుకొని వెళ్ళుదము.