మాత్రలు బడికి, మురుగు పొలానికా?

ఫిబ్రవరి 10, ఆగస్టు 10 వచ్చాయంటే బడుల్లో, అంగన్‌వాడీల్లో నులిపురుగుల మాత్రలు మింగిస్తారు. 2015 నుంచి సాగుతున్న కార్యక్రమం ఇది. మంచిదే. మన పిల్లలందరికీ వేయించాలి. కానీ దీంతోనే నులిపురుగుల పీడ పోతుందని పాలకులు చెబితే మనం ఒప్పుకోం.

ఆల్బెండజోల్ మాత్ర కడుపులో పురుగును చంపుతుంది, నేలలో గుడ్డును చంపదు. ఏలికపాము గుడ్లు మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతాయి. కొంకిపురుగు పిల్లలు తడినేలలో ఉండి, వట్టికాళ్ల చర్మంలోంచి లోపలికి దూరి, పేగుల్లో చేరి రక్తం పీలుస్తాయి. మాత్ర మింగిన మనిషి మళ్లీ అదే నేలలో దిగితే మళ్లీ పురుగే. పైగా ఆ రోజుల్లో ఇచ్చే మాత్రలు ప్రధానంగా 1–19 ఏళ్ల వారికి. అసలే రక్తహీనతతో ఉండి, రోజంతా బురదలో నాట్లేసే ఆడకూలీల సంగతేమిటి?

చెప్పులేసుకోండి, చేతులు కడుక్కోండి అని మనకు నీతులు చెబుతారు. దమ్ము చేసిన మడిలో చెప్పులు నిలుస్తాయా? తప్పు మన కాళ్లదా, మురుగు వదిలినవాళ్లదా? దశాబ్దాలుగా హైదరాబాదు మురుగు మూసీలో కలుస్తోంది. దిగువ రైతులు ఆ నీటితోనే వరి, ఆకుకూరలు, పశువుల గడ్డి పండిస్తున్నారు. ఆ కూరలు, ఆ గడ్డి తిన్న పశువుల పాలు తిరిగి నగరానికే పోతున్నాయి. కాబట్టి ఇది రైతు ఒక్కడి గోడు కాదు.

నీళ్లు ఆపమని మనం అడగడం లేదు. ఆపితే బతుకే పోతుంది. శుభ్రం చేసి వదలమంటున్నాం. సాగుకిచ్చే మురుగునీటిలో లీటరుకు ఒక పురుగు గుడ్డుకు మించి ఉండకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లోనే చెప్పింది. ఇదేమీ బ్రహ్మవిద్య కాదు. మురుగును వరుస చెరువుల్లో రోజుల తరబడి నిలిపితే గుడ్లు అడుక్కి దిగిపోతాయి.

మన డిమాండ్లు ఇవి:

1. శుద్ధి చేసిన నీటినే కాలువల్లోకి వదలాలి. పురుగు గుడ్ల పరీక్ష జరిపి, ఫలితాలు పంచాయతీలో అంటించాలి.

2. సెప్టిక్ ట్యాంకుల బండ్లు పొలాల్లో, వాగుల్లో మలం పారబోయకుండా ఆపాలి. దాన్ని శుద్ధి చేసే కేంద్రాలు పెట్టాలి.

3. మురుగునీటి పొలాల్లో పనిచేసే రైతులకు, కూలీలకు ఉచితంగా పరీక్షలు, మందులు, మోకాలి బూట్లు ఇవ్వాలి.

4. ఉపాధి హామీ పనుల దగ్గర, కూలీల వాడల్లో నీటి వసతితో మరుగుదొడ్లు కట్టాలి.

వచ్చే గ్రామసభలో ప్రతి శాఖా ఈ నాలుగింటిపై తీర్మానం పెట్టించాలి. మాత్రలు వద్దనం. నేల శుభ్రం కానిదే ఊరుకోం.