పాట మనది, తాళంచెవి ఎవరిది?

“ఇంట్లో చిన్న స్టూడియో పెట్టుకుందామనుకుంటున్నాను, తక్కువలో మంచి రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ఏదో చెప్పండి” అని మిత్రులు తరచూ అడుగుతుంటారు. వారాంతాల్లో సరదాగా పాడుకునేవాళ్ళు, పాడ్‌కాస్ట్ మొదలుపెట్టాలని ఉబలాటపడేవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. ధరల సంగతి ఎత్తకముందే నేను వాళ్ళను ఎదురు ప్రశ్న వేస్తాను: మీరు రికార్డు చేసిన పాట ఇరవై ఏళ్ళ తర్వాత, ఆ సాఫ్ట్‌వేర్ లేకపోయినా, తెరుచుకుంటుందా?

ఈ ప్రశ్న వెనక ఒక కథ ఉంది. 2009 వేసవిలో అమ్మ న్యూజెర్సీలో మా ఇంటికొచ్చి ఆరు నెలలుంది. మంగళహారతులు, అప్పగింతల పాటలు, లాలిపాటలు ఆవిడకి నోటికొచ్చు. ఎక్కడా రాసిపెట్టుకోలేదు. దగ్గర కూర్చోబెట్టుకుని పాడించాను. అప్పట్లో నాకు కొత్త సరంజామా మీద మోజు ఎక్కువ. నాలుగొందల డాలర్లు పోసి పెద్ద పేరున్న సాఫ్ట్‌వేర్ ఒకటి కొన్నాను. అది రికార్డింగునంతా తన సొంత ఫార్మాట్‌లో ఒకే ఫైలుగా దాచేది. మొత్తం పద్నాలుగు పాటలు. అందులో అయిదింటికి తంబురా శ్రుతి కలిపి, ప్రతిధ్వని బాగా దట్టించి, ఎంపీ3లుగా బంధువులకి పంచాను. మిగతావి తీరిగ్గా చేద్దాంలే అనుకున్నాను. మనకి తీరికెప్పుడు దొరికింది కనక!

అమ్మ 2016లో పోయింది. రెండేళ్ళు పోయాక, మనసు దిటవు చేసుకుని ఆ ఫైలు తెరవబోయాను. కొత్త కంప్యూటర్ మీద ఆ సాఫ్ట్‌వేర్ ఎక్కలేదు. బేస్‌మెంట్‌లోంచి పాత కంప్యూటర్ తెచ్చి ఆన్ చేస్తే, మళ్ళీ ఆక్టివేట్ చెయ్యమంది. ఆ సర్వర్‌ని కంపెనీవాళ్ళు ఎప్పుడో మూసేశారు. ఫైలు నా దగ్గరే ఉంది, ఎన్ని మెగాబైట్లో కూడా కనిపిస్తోంది. పాట మాత్రం వినపడదు. తొమ్మిది పాటలు అందులో ఉండిపోయాయి. “ఒరే, ఇది కూడా రికార్డవుతోందా?” అని అమ్మ నవ్వడం, ఏ పాట ఎవరి దగ్గర నేర్చుకుందో చెప్పడం, ఎంపీ3లు చేసేటప్పుడు అనవసరమని నేను కత్తిరించినవన్నీ కూడా అందులోనే ఉన్నాయి.

ఆఫీసులో మనం ఎంత జాగ్రత్తపరులం! డేటా బయటికి ఎలా తీసుకోవాలో తేలేదాకా ఏ వెండర్‌నీ ఒప్పుకోం. ఇంటికొచ్చేసరికి ఆ తెలివంతా ఏమవుతుందో!

ఖరీదైన సాఫ్ట్‌వేర్‌లో గొంతు బాగా వస్తుందన్నది ఒక అపోహ. గొంతుని అంకెలుగా మార్చేది మైకుకి తగిలించిన ఇంటర్‌ఫేస్. సాఫ్ట్‌వేర్ ఆ అంకెల్ని తీసుకుని డిస్కు మీద రాస్తుంది. అదే గది, అదే మైకు, అవే సెట్టింగులు అయితే, ఉచిత సాఫ్ట్‌వేర్ రాసినా ఖరీదైనది రాసినా ఆ అంకెలు ఒకటే. తేడా అంతా ఎడిటింగ్ సదుపాయాల్లోనూ, తోడిచ్చే వాయిద్యాల్లోనూ ఉంటుంది.

ఒక్క గొంతు రికార్డు చేసుకోవడానికి 2000 నుంచీ ఉచితంగా దొరుకుతున్న ఆడాసిటీ చాలు. అయితే 2021లో వచ్చిన 3.0 వెర్షన్ నుంచి అది కూడా ప్రాజెక్టునంతా ఒకే ఫైలులో పెడుతోంది. కాబట్టి పాడిన రోజే వేవ్ ఫైలుగా బయటికి తీసి పెట్టుకోండి. మాక్ ఉన్నవాళ్ళకి గరాజ్‌బ్యాండ్ ఉచితమే, వాడకం సులువే. కానీ దాని ప్రాజెక్టు ఆపిల్ లోకం దాటి బయట తెరుచుకోదు.

నాలుగైదు ట్రాకులు కలపాలనుకునేవాళ్ళకి నా ఓటు రీపర్‌కే. అరవై రోజులు ఊరికే వాడి చూడొచ్చు. నచ్చితే సొంత వాడకానికి లైసెన్స్ 60 డాలర్లు. దాన్ని రాసినాయన ఒకప్పుడు మనందరి కంప్యూటర్లలో పాటలు వినిపించిన విన్‌ఆంప్ సృష్టికర్త జస్టిన్ ఫ్రాంకెల్. నన్ను ఆకట్టుకున్నది మాత్రం వేరే: దాని ప్రాజెక్టు ఫైలు మామూలు టెక్స్ట్. నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదవచ్చు. ఇక గొంతు, మనం వేరే ఫార్మాట్ ఎంచుకుంటే తప్ప, పక్కనే వేవ్ ఫైళ్ళుగా ఉంటుంది. రేపు రీపర్ లేకపోయినా పాట ఉంటుంది.

నెలచందా సాఫ్ట్‌వేర్‌లంటే నాకు పడదు. స్టూడియోలతో పనిచేసేవాళ్ళకి వాళ్ళు వాడేదే కావాలి, అది వేరే సంగతి. మనబోటివాళ్ళం రెండు నెలలు హుషారుగా పాడి, ఆర్నెల్లు దాని ఊసెత్తం. చందా మాత్రం నెలనెలా కడుతూనే ఉండాలి. అది ఆపేశాక మన ప్రాజెక్టుల్ని మనం తెరవగలమో లేదో కొనేముందే చూసుకోవాలి.

మిగిలిన డబ్బు మైకు మీద పెట్టండి. 1966 నుంచీ వస్తున్న ష్యూర్ ఎస్‌ఎం58 లాంటిది సుమారు వంద డాలర్లు. బట్టలు వేలాడే క్లోజెట్‌ని మించిన రికార్డింగ్ గది మామూలు ఇళ్ళలో దొరకదు. హీటర్, ఏసీ కాసేపు ఆపండి. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, మోనో వేవ్‌గా పెట్టుకుంటే గంటకి సుమారు 520 మెగాబైట్లు. ఈ రోజుల్లో అదొక లెక్కా? వేవ్ 1991లో వచ్చిన ఫార్మాట్, ఇవాళ్టికీ ఏ కంప్యూటర్లోనైనా తెరుచుకుంటుంది. ఒక కాపీ ఇక్కడ, ఇంకొకటి ఇండియాలో చెల్లెలి దగ్గరో అన్నయ్య దగ్గరో ఉంచండి. ఎవరు పాడారో, ఎవరి దగ్గర నేర్చుకున్నారో ఫైలు పేరులోనే రాయండి.

ఈసారి అమ్మావాళ్ళో అత్తగారువాళ్ళో వచ్చినప్పుడు, ఏ సాఫ్ట్‌వేర్ మంచిదని నెలల తరబడి పోల్చిచూస్తూ కూర్చోకండి. ఉచితంగా దొరికిందేదో దించుకుని మొదలుపెట్టండి. ఒక్కటే మనవి: పాట అయిపోగానే బటన్ నొక్కి ఆపెయ్యకండి. ఇంకో రెండు నిమిషాలు నడవనివ్వండి.