ఉసిరిచెట్టు కింద ఎవరెవరు?

నాటు చిక్కుడుకు వొక పట్టుదల ఉన్నది. ఆషాఢంలో గింజ పెట్టి, పందిరి వేసి, ఎంత సేవ చేసినా సరే, పొద్దు తగ్గితే గాని పూత పట్టదు. కార్తికం వచ్చి కాయడం మొదలుపెట్టిందా, ఇంటిల్లిపాదీ తిన్నా తరగదు. అప్పుడు ఇల్లాలు చేటలో కాయలు పోసుకుని పక్కింటి గుమ్మంలో నిలబడుతుంది. "వదినగారూ, కాసిని చిక్కుడుకాయలు తెచ్చానండీ!" ఆ చేట వట్టిగా తిరిగి రాదు. నాలుగు వంకాయలో, గుప్పెడు పచ్చిమిరపకాయలో అందులో పడతాయి. పెరటి కూర గుణమే అంత. దాచుకుంటే ముదిరిపోతుంది.

వనభోజనాలు కూడా ఈ నెలలోనే రావడం ఎంత చక్కగా అమరిందో చూడండి. ఎండ చురుక్కుమనదు. ఉసిరిచెట్టు కింద విస్తళ్లు వేసుకోవడానికి ఇంతకన్న అదను లేదు.

అయితే ఈనాటి వనభోజనాల తీరు వేరు. కార్తికంలో ఆదివారం వచ్చిందంటే ఫలానా కులంవారి వనభోజనాలని ఊరూరా బ్యానర్లు. తోట అద్దెది, వంట కేటరింగువారిది, కూరలు బజారువి. సొంతంగా పండించుకు తెచ్చుకున్నది కులం ఒక్కటే!

"మనవాళ్లు ఏడాదికొకసారి కలుసుకుంటే తప్పేమిటండీ?" అనే పెద్దలున్నారు. కలుసుకోవడం తప్పు కాదు. బీద విద్యార్థులకు సాయపడే సంఘాలూ ఉన్నవి. కాని బయలుదేరేముందు పిల్లవాడు, "నాన్నా, నా స్నేహితుణ్ణి కూడా తీసుకురానా?" అని అడిగితే ఏం చెబుతారు? ఆ జవాబు వాడికి జన్మంతా గుర్తుంటుంది.

పోనీ, సంప్రదాయమే కావాలంటారా? 12వ శతాబ్దంలో పల్నాటి బ్రహ్మనాయుడు అన్ని కులాలవారినీ ఒకే చాపమీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టాడని ప్రసిద్ధి. కారంపూడిలో పల్నాటి వీరుల ఉత్సవాలలో మందపోరునాడు నేటికీ ఆ చాపకూడు జరుపుతారు. ఆ ఉత్సవాలు మొదలయ్యేది కార్తిక అమావాస్యకే. అంటే ఇంచుమించు ఈ రోజులలోనే మనకు రెండు రకాల పంక్తులూ ఉన్నవన్నమాట.

మా వీధి చివర ఖాళీ స్థలంలో ఏడెనిమిది కుటుంబాలవారు కలిసి కూరమళ్లు వేసుకున్నారు. ఖర్చు కలిసి వస్తుందని కాదు. మనిషికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు కావాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన సూచనలలో ఉన్నది. నలుగురున్న ఇంటికి అది కిలోన్నర పైమాటే. నాలుగు మళ్లలో అంత పండదు, బజారుకు వెళ్లకా తప్పదు.

నిరుడు కార్తికంలో వారంతా అక్కడే వండుకున్నారు. బచ్చలి పప్పు, ఆనపకాయ పులుసు, గోంగూర పచ్చడి, అల్లం పచ్చిమిర్చి కారం పెట్టిన వంకాయ కూర. ఒకరింట పచ్చి మంచినీళ్లు ముట్టని పెద్దావిడ ఒకరు రెండు అరటిపళ్లు తెచ్చుకుని ఎడంగా కూర్చున్నారు. కూర గిన్నె అటుగా వెళుతుంటే చూసి, "ఆ వంకాయ నారు నేనిచ్చిందే కదుటే?" అన్నారు.

"అవును పిన్నిగారూ. నీళ్లు పోసింది మేము," అన్నది వండిన అమ్మాయి.

ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తరవాత, "నాకూ ఒక విస్తరి వెయ్యి," అన్నారు.

ఉపన్యాసాలతో కాని పని ఒక్కొక్కప్పుడు వంకాయవల్ల అవుతుంది. నారు ఒకరిది, నీళ్లు ఒకరివి, చెయ్యి మరొకరిది అయినాక, ఇక ఆ కూర ఎవరిదని చెప్పగలం?

ఈ కార్తికంలో మీ పెరట్లోనో, మేడమీద కుండీల్లోనో కాసిన నాలుగు కాయలు పట్టుకుని చెట్టు కిందికి వెళ్లండి. ఇరుగుపొరుగులందరినీ పిలవండి. ఎవరిదే కులమో అడగవలసిన పని లేదు. ఎవరికి కారం పడదో అడిగితే చాలు.