న్యాయవాదులకూ వ్యాసరచన పోటీ పెడదాం

క్రిస్మస్ దగ్గర పడితే మన సంఘాల్లో సండే స్కూలు పిల్లలకు, యౌవనులకు వ్యాసరచన పోటీలు పెడుతుంటాం. న్యాయవాదులకు పెట్టాలన్న ఆలోచన మాత్రం రాదు. వాళ్లు రోజూ రాసేవాళ్లే కదా అనుకుంటాం. నిజమే, పిటిషన్లు, కౌంటర్లు, నోటీసులు రాస్తూనే ఉంటారు. అవన్నీ కోర్టు కోసం, క్లయింటు కోసం. ఒక తీర్పు తప్పని మనసుకు తోచినప్పుడు, ఎందుకు తప్పో మామూలు జనానికి అర్థమయ్యేలా రాసేవాళ్లు ఎందరున్నారు?

అలాంటి రాత ఏం చేయగలదో మన పొరుగునున్న చంద్రాపూర్ చెబుతుంది. కాగజ్‌నగర్ దాటాక వచ్చే బల్లార్షా, చంద్రాపూర్‌లు మనకు కొత్త ఊళ్లు కావు. బొగ్గు గనుల్లో, కాగితం మిల్లులో పనికి వెళ్లి అక్కడే స్థిరపడ్డ తెలుగు కుటుంబాలున్నాయి. రాజురా తాలూకా అయితే 1956 దాకా మన ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండేది.

1972 మార్చి 26 రాత్రి. అప్పటి చంద్రాపూర్ జిల్లాలోని దేశాయిగంజ్ పోలీసు స్టేషన్. తల్లిదండ్రులు లేని, కూలి చేసుకు బతికే ఒక ఆదివాసీ బాలిక వాంగ్మూలం ఇవ్వడానికి అక్కడికి వచ్చింది. వయసు పద్నాలుగు, పదహారు మధ్య. వెంట వచ్చినవాళ్లను బయటకు పంపి ఆమెను లోపలే ఆపేశారు. ఒక కానిస్టేబుల్ అత్యాచారం చేశాడని, తాగి ఉన్న హెడ్ కానిస్టేబుల్ అసభ్యంగా ప్రవర్తించాడని కేసు. 1974లో సెషన్స్ కోర్టు ఇద్దరినీ వదిలేసింది. 1976లో బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి శిక్ష వేసింది. 1978 సెప్టెంబరులో సుప్రీంకోర్టు మళ్లీ విడుదల చేసింది. ఒంటిమీద గాయాల్లేవు, కేకలు వేసిందని నమ్మలేం, కాబట్టి సమ్మతించినట్టేనన్నది ఆ తీర్పు సారాంశం. కేసు పేరు తుకారాం వర్సెస్ మహారాష్ట్ర ప్రభుత్వం.

ఏడాది తర్వాత, 1979 సెప్టెంబరులో, ఉపేంద్ర బక్షి, లోతికా సర్కార్, వసుధా ధగమ్వార్, రఘునాథ్ కేల్కర్ అనే నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు భారత ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. లొంగిపోవడం వేరు, సమ్మతించడం వేరు అన్నారు. రాత్రిపూట పోలీసు స్టేషన్‌లో ఒంటరిగా చిక్కిన పేద పిల్ల మౌనాన్ని ఒప్పుకోలుగా ఎలా చదువుతారని నిలదీశారు. ఆ లేఖ చేతులు మారింది. 1980లో మహిళా సంఘాలు వీధుల్లోకి వచ్చాయి. 1983లో పార్లమెంటు చట్టం సవరించింది. పోలీసు కస్టడీలో లైంగిక సంబంధం జరిగినట్టు రుజువై, తనకు సమ్మతి లేదని స్త్రీ కోర్టులో చెబితే, సమ్మతి లేదనే కోర్టు భావించాలి. బాధితురాలి పేరు బయటపెట్టడం కూడా అప్పుడే నేరమైంది. అంతకుముందే పత్రికలన్నీ ఆ బాలిక పేరు వేసేశాయి. మేము వేయడం లేదు.

తీర్పు మాత్రం మారలేదు. ఆమెకు న్యాయం దొరకలేదు. ఆ సంగతి దాచి లేఖ గొప్పదనం ఒక్కటే చెప్పుకోవడం సరికాదు.

ఇప్పుడు మన పోటీ సంగతి. 'రాజ్యాంగం విశిష్టత' లాంటి అంశం ఇస్తే పాఠ్యపుస్తకమే తిరిగి వస్తుంది. 'నేను ఒప్పుకోని ఒక తీర్పు' అని ఇద్దాం. హైదరాబాద్ నల్లకుంట స్టేషన్ ఉదంతం కూడా 1978లోనే జరిగింది. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులను తప్పుపట్టినా, రాయచూరుకు బదిలీ అయిన కేసులో 1981లో వాళ్లు విడుదలయ్యారు. మన యువ న్యాయవాదుల్లో ఎందరు దాన్ని చదివారు? క్రైస్తవుడైన ఒక చెప్పులు కుట్టే కార్మికుడి విషయంలో 1985లో వచ్చిన సూసై తీర్పు ఉంది. మతం మారాక కూడా కులవివక్ష అంతే తీవ్రంగా ఉందని చూపాలంది కోర్టు. మన పల్లెల్లో రెండు శ్మశానాలు చూసినవారు దాని గురించి రాయగలరు.

తీర్పును విమర్శిస్తే కోర్టు ధిక్కారమవుతుందని కొందరు జంకుతారు. 1971 చట్టంలోని 5వ సెక్షన్ చూడండి. ముగిసిన కేసు మీద న్యాయమైన విమర్శ ధిక్కారం కాదు. క్లయింటు రహస్యాలు మాత్రం రాయకూడదు. వ్యాసం కింద ఆఫీసు చిరునామా, ఫోన్ నంబరు కూడా వద్దు. న్యాయవాది ప్రచారం చేసుకోకూడదని బార్ కౌన్సిల్ నియమం ఎలాగూ ఉంది.

న్యాయనిర్ణేతల్లో ఒకరు రిటైర్డ్ జడ్జి అయితే మరొకరు అంగన్‌వాడీ టీచరో, ఆశా కార్యకర్తో ఉండాలి. ఆమెకు అర్థం కాని వ్యాసానికి బహుమతి లేదు. శాలువాలు, మెమెంటోలు మానేసి ఆ డబ్బుతో గెలిచిన వ్యాసాన్ని కరపత్రంగా అచ్చువేసి సంఘాల్లో పంచుదాం.

చంద్రాపూర్, బల్లార్షా వైపు తెలుగు న్యాయవాదులను వదిలేయొద్దు. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ కోర్టులో మరాఠీలో వాదించేవారు వాళ్లలో ఉంటారు. తెలుగు లిపి రాకపోతే మరాఠీలోనే రాయనిద్దాం, అనువాదం మన సంఘం చూసుకుంటుంది.