ప్రీ-మెడ్ పిల్లలకి పేరున్న కాలేజీయే కావాలా?

అమెరికాలో మన తెలుగువాళ్ళు నలుగురు కలిస్తే మార్చి, ఏప్రిల్ నెలల్లో వినపడే మాట ఒకటే: "మీ అమ్మాయికి ఎక్కడ సీటొచ్చింది?" మే 1 లోపల ఏదో ఒక కాలేజీకి సరేనని డిపాజిట్ కట్టాలి. ఆ నెలరోజులూ ఇంట్లో ఎవరికీ సరిగ్గా నిద్ర ఉండదు. అందులోనూ పిల్ల డాక్టరవుతానందంటే ఇక చెప్పక్కర్లేదు. ఫోన్ చేసిన ప్రతివాళ్ళూ సలహాదారులే.

ఇండియాలో ఉన్న నా పాఠకుల కోసం ముందు ఒక చిన్న వివరం. మనకి ఇంటర్లో బైపీసీ చదివి, ఎంట్రన్సులో ర్యాంకు తెచ్చుకుంటే నేరుగా ఎంబీబీఎస్‌లో చేరిపోవచ్చు. ఇక్కడ అలా కాదు. ముందు నాలుగేళ్ళ డిగ్రీ. ఆ డిగ్రీలోనే బయాలజీ, కెమిస్ట్రీ, ఆర్గానిక్ కెమిస్ట్రీ, ఫిజిక్స్ లాంటివి ల్యాబులతో సహా పూర్తిచేసి, ఎమ్‌క్యాట్ పరీక్ష రాసి, అప్పుడు మెడికల్ స్కూల్‌కి దరఖాస్తు పెట్టుకోవాలి. అక్కడ ఇంకో నాలుగేళ్ళు, తర్వాత రెసిడెన్సీ కనీసం మూడేళ్ళు. ప్రీ-మెడ్ అనేది డిగ్రీ పేరు కాదు, ఆ దారిలో వెళ్ళాలనుకునే పిల్లల్ని పిలిచే పేరంతే. ఇంగ్లీషు, చరిత్ర మేజర్లుగా చదివి డాక్టర్లయినవాళ్ళూ ఉన్నారు. డిగ్రీతో కలిపి మెడికల్ సీటు ముందే ఇచ్చే ప్రోగ్రాములు కొన్ని ఉన్నాయి. బ్రౌన్‌లో ఎనిమిదేళ్ళది, మిస్సోరీ యూనివర్సిటీ కాన్సస్ సిటీలో ఆరేళ్ళది అలాంటివే. కానీ వాటిలో సీట్లు బహు తక్కువ.

మిగిలిన పిల్లలందరి సంగతీ నేను మాట్లాడేది. నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ప్రీ-మెడ్ పిల్లకి కాలేజీ వెతికేటప్పుడు పేరు ఆఖరున చూడాలి. ముందు చూడాల్సింది, రెండేళ్ళ తర్వాత పిల్ల "అమ్మా, ఇది నాకొద్దు" అంటే ధైర్యంగా పక్కకి తిరగగలిగే చోటా కాదా అన్నది.

ఎందుకంటారా? ఎం.డి. స్కూళ్ళకి ఏటా 50 వేల మందికి పైగా దరఖాస్తు చేస్తే, చేరేది సుమారు 23 వేల మంది. దరఖాస్తు దాకా రాకుండానే దారి మార్చుకునేవాళ్ళు ఆ లెక్కలో లేరు. చేరినవాళ్ళ సగటు జీపీఏ 3.8 దగ్గర, ఎమ్‌క్యాట్ 528కి 511, 512 దగ్గర ఉంటోంది. అంటే మొదటి ఏడాది కెమిస్ట్రీలో రెండు "సి"లు వస్తే ఆ మచ్చ చెరుపుకోవడానికే తర్వాత సెమిస్టర్లన్నీ సరిపోతాయి. ఊళ్ళో ఫస్టొచ్చిన పిల్లలు మూడొందలమంది ఒకే క్లాసులో కూర్చుంటే, ఇంతమందికే "ఎ" అని గిరిగీసే చోట మన పిల్ల పరిస్థితి ఏమిటో ఆలోచించాలి. తెలివి తగ్గి కాదు, పోటీ అలాంటిది.

ఇక కాలేజీలు గొప్పగా చెప్పుకునే శాతాల సంగతి. "మా పిల్లల్లో 90 శాతం మందికి మెడికల్ సీట్లు వచ్చాయి" అని ఎవరైనా అంటే, వెంటనే అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: "మొదటి ఏడాది ప్రీ-మెడ్ అన్నవాళ్ళలో ఎంతమంది దరఖాస్తు దాకా వచ్చారు?" కొన్ని కాలేజీల్లో ఒక కమిటీ కూర్చుని ఉత్తరం రాసిస్తుంది. మార్కులు తక్కువున్నవాళ్ళకి ఆ ఉత్తరం ఇవ్వనిచోట్లు, ఈ ఏడాది వద్దులే అని సర్దిచెప్పేచోట్లు ఉన్నాయి. వడపోసి మిగిలినవాళ్ళని లెక్కపెడితే శాతం పెరగక ఏమవుతుంది?

డబ్బు విషయానికొస్తే, పేరున్న ప్రైవేటు యూనివర్సిటీల్లో ఫీజు, హాస్టలు, తిండి అన్నీ కలిపి ఏడాదికి 90 వేల డాలర్ల దగ్గరికొచ్చింది. నాలుగేళ్ళు అలా పోశాక అసలు ఖర్చు అప్పుడు మొదలవుతుంది. అదీకాక 2025లో వచ్చిన చట్టం ప్రకారం 2026 జూలై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునే మెడికల్ విద్యార్థులకి ఫెడరల్ అప్పు ఏడాదికి 50 వేలు, మొత్తం మీద 2 లక్షల డాలర్లు దాటదు. ఇదివరకు మిగతాది పూడ్చే గ్రాడ్ ప్లస్ అప్పు వాళ్ళకి ఉండదు. ఆ తేడా ఎవరు పూడ్చాలి? మనమో, బయట బ్యాంకులో. 529 ఖాతాలో దాచింది మెడికల్ స్కూల్‌కీ వాడుకోవచ్చు. డిగ్రీకే ఊడ్చి పెట్టేస్తే అప్పటికి చెయ్యి ఖాళీ.

మన ఇళ్ళల్లో ఇంకో ముఖ్యమైన సంగతుంది. పిల్ల ఇంకా హెచ్-4 మీదే ఉంటే, గ్రీన్ కార్డు లేనివాళ్ళని చాలా మెడికల్ స్కూళ్ళు తీసుకోవు, ఫెడరల్ అప్పూ దొరకదు. 21 నిండితే ఆ వీసా కూడా ఉండదు. ఇది పన్నెండో క్లాసులో కాదు, తొమ్మిదిలోనే కూర్చుని మాట్లాడుకోవాలి.

మా పెద్దదానికి కిందటేడాది రెండు ఉత్తరాలొచ్చాయి. ఒకటి, పేరు చెప్తే అందరూ "అబ్బో" అనే ప్రైవేటు యూనివర్సిటీ. రెండోది మా టెక్సాస్‌లోనే ఒక స్టేట్ యూనివర్సిటీ, స్కాలర్‌షిప్ పోగా ఏడాదికి 18 వేలు. మావారు మొదటిదానికే మొగ్గారు. అత్తయ్యగారు ఫోన్లో, "ఉన్నదంతా ఆడపిల్ల చదువుకే పోస్తే పెళ్ళికేం మిగులుతుందర్రా?" అన్నారు. నేను మాత్రం పేరు కంటే, పెళ్ళి కంటే, దాని మొహమే చూశాను. పద్దెనిమిదేళ్ళకి మొదలుపెడితే చదువు అయ్యేసరికి దానికి ఇరవైతొమ్మిది. అన్నేళ్ళ దారిలో మధ్యలో మనసు మారితే? మూడు లక్షల అరవై వేలు పోసిన చోట, "నాన్న ఇంత కట్టారు, ఎలా మానను?" అనుకుంటూ లోపల్లోపల నలిగిపోదూ? ఆ భారం దాని భుజాన వేయడం నాకు ఇష్టం లేదు.

అదే మాట ఆయనతో అన్నాను. మూడు రాత్రులు లెక్కలు వేశాం. టెక్సాస్ ప్రభుత్వ మెడికల్ స్కూళ్ళలో బయటి రాష్ట్రాలవాళ్ళకి పదిశాతం సీట్లు మించకూడదన్న నియమం ఉంది, ఇక్కడివాళ్ళకి అదొక బలం. చివరికి అదే, "నేను ఇక్కడే చదువుతానమ్మా" అంది. ఇప్పుడు వారానికోసారి బస్సెక్కి హాస్పిటల్లో వాలంటీరుగా వెళ్ళొస్తోంది. డాక్టరవుతుందో లేదో నాకు తెలీదు. కానీ "అవ్వకపోతే?" అన్న మాట మా ఇంట్లో భయపడకుండా అనుకోగలుగుతున్నాం.

పేరున్న కాలేజీలు వద్దని నేననను. ఆదాయం తక్కువున్న కుటుంబాలకి బాగా నిధులున్న కొన్ని యూనివర్సిటీలు ఫీజు దాదాపు మాఫీ చేస్తాయి, స్టేట్ కాలేజీ కంటే అదే చవకవుతుంది. అలా వస్తే కళ్ళకద్దుకుని చేర్పించండి. కానీ అప్పుచేసి మరీ పేరు కొనాలంటే మాత్రం, పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలన్న మన పెద్దవాళ్ళ మాటే సరైనది.

కాలేజీ చూడ్డానికి వెళ్ళినప్పుడు బిల్డింగులు చూసి మురిసిపోకండి. కెమిస్ట్రీ క్లాసులో ఎంతమంది, పిల్ల పేరు తెలిసి ఉత్తరం రాసే ప్రొఫెసరు దొరుకుతారా, కారు లేకుండా చేరగలిగే హాస్పిటల్ ఉందా, మేజర్ మార్చుకుంటే స్కాలర్‌షిప్ ఉంటుందా అని అడగండి. ఈ నాలుగూ అక్కడ చదివే రెండో ఏడాది పిల్లల్ని అడిగితే ఇంకా మంచిది, వాళ్ళు దాచకుండా చెప్తారు. ఆ తర్వాత ఇంటికొచ్చి మీ పిల్లని ఇంకొక్కటి అడగండి: "డాక్టరు కాకపోయినా ఇక్కడ సంతోషంగా ఉంటావా?" అవునంటే, డిపాజిట్ అక్కడ కట్టేయండి.