టొలెడోకు ఒక్క పగలు

స్పెయిను రాజధాని యగు మాడ్రిడ్ నగరమునకు దక్షిణముగా సుమారు 70 కిలోమీటర్ల దూరమున టొలెడో కలదు. 2005లో వేగపు రైలుమార్గము ఏర్పడినది మొదలు ఈ ప్రయాణము అరగంట పని యైనది. ఉదయము ఆతోచా స్టేషనులో రైలెక్కిన యాత్రికుడు కునుకు పట్టకముందే టొలెడోలో దిగుచున్నాడు. సాయంకాలమునకు మరల మాడ్రిడ్ చేరి, రాత్రి భోజనముకడ “టొలెడో చూచితిమి” అనుచున్నాడు. ఆ చూచుట యెట్టిదో కొంత విచారింపదగి యున్నది.

చూడదగినవానికి కొదువ లేదు. 1919 నాటి రైల్వేస్టేషనే అరబ్బు పనితనమును తలపించు కమానులతో అతిథికి స్వాగత మిచ్చును. టాగస్ నది మూడువైపుల చుట్టి పాఱగా, నడుమ కొండపై ఊరు నిలిచియున్నది. ప్రాచీనమైన అల్కాంతరా వంతెన దాటి యెక్కినచో, 999లో కట్టిన చిన్న మసీదు, 1226లో ఆరంభమై 1493 వఱకు నిర్మాణము సాగిన మహాదేవాలయము, యూదుల ప్రార్థనామందిరములు రెండు, సాంతో తోమే చర్చిలో ఎల్ గ్రెకో చిత్రించిన ‘ఓర్గాజ్ ప్రభువు ఖననము’ – ఇన్నియు కాలినడకన చేరదగినవే. ఆ సౌలభ్యమే చిక్కు తెచ్చిపెట్టుచున్నది. ఒక్కొక్కదానికడ పది నిమిషములు నిలిచి, ఒక బొమ్మకత్తియు, బాదముపప్పు మిఠాయిపొట్లమును కొని, యాత్రికుడు గడియారము చూచుకొనుచు స్టేషనునకు పరుగిడును.

ఇదే ఊరికి 12వ శతాబ్దిలో ఇటలీలోని క్రెమోనానుండి జెరార్డ్ అను పండితు డొకడు వచ్చెను. టాలెమీ రచించిన ‘అల్మజెస్టు’ అను జ్యోతిర్గ్రంథము నొక్కదానిని చదువవలెనని ఆయన కోరిక. 1085లో నగరము క్రైస్తవరాజుల వశమైనను అరబ్బీ గ్రంథము లచట నిలిచియుండెను. ఆ గ్రంథసంపద చూచి జెరార్డ్ అరబ్బీ నేర్చి, అచటనే యుండిపోయెను. 1187లో మరణించునాటికి డెబ్బదికి పైగా గ్రంథములను లాటినులోనికి తెచ్చెను. ఒక్క పుస్తకము కొఱకు వచ్చి జీవితమంతయు నిలిచినవా డాయన. అన్నియు చూడవలెనని వచ్చి ఒక్క పూటలో మరలిపోవువాడు నేటి యాత్రికుడు.

తెలుగు విద్యార్థికిని ఈ ఊరు కేవలము పరాయిది కాదు. టొలెడో న్యాయాధికారి సాయిద్ 1068లో వివిధజాతుల విద్యలను గూర్చి వ్రాయుచు, శాస్త్రములను పెంపొందించిన జాతులలో భారతీయులను మొదట నిలిపెను. చిన్నయసూరి ‘నీతిచంద్రిక’లో మన బాలురెఱిగిన కరటక దమనకులే పహ్లవీ మీదుగా అరబ్బీలో ‘కలీలా దిమ్నా’లైరి. టొలెడోలో 1221లో జన్మించిన అల్ఫాన్సో, యువరాజుగా నుండగా, 1251లో ఆ కథలను స్పెయిను దేశభాషలోనికి తెప్పించెను.

అయితే ఈ కథకు రెండవ పుట కలదు. టొలెడోను ‘మూడు మతముల నగరము’ అని కీర్తించుట నేడు పరిపాటి. మాట అందమైనదే, సగము నిజము మాత్రమే. సాంతా మరియా లా బ్లాంకా అను మందిరమును యూదులు నిర్మించిరి. దాని కమానులు అరబ్బుల శైలివి. పేరు మాత్రము క్రైస్తవులది. 15వ శతాబ్ది ఆరంభమున దానిని చర్చిగా మార్చిరి. 1492లో యూదులను దేశమునుండియే వెడలగొట్టిరి. పది నిమిషములలో సాగిపోవువాడు తెల్లని స్తంభముల సౌందర్యమునే చూచును. కొంచెము నిలిచినవానికే “కట్టినవారు ఏమైరి?” అను ప్రశ్న తోచును. ఆ ప్రశ్న తోపని యాత్ర చరిత్రపాఠము కానేరదు.

“అందఱును జెరార్డులు కాగలరా? ఉద్యోగికి, విద్యార్థికి ఒక్క దినము చిక్కుటయే అరుదు గదా” యని ఆక్షేపింపవచ్చును. ఆక్షేపణ న్యాయమైనదే. ఒక్క పగటి యాత్రను హేళనచేయుట సోమరి పాండిత్యము. దోషము దినము కుఱుచయగుటలో లేదు. ఆశ పొడవగుటలో నున్నది. పదింటిని పరుగున చూచుటకంటె రెండింటిని తీరికగా చూచి, ఎనిమిదింటిని విడిచిపెట్టుట మేలు. ఆ రెండింటిని గూర్చి ముందుగా చదివి పోవుట మఱింత మేలు. విహారయాత్రలకు పిల్లలను తోడ్కొనిపోవు ఉపాధ్యాయులకును ఇది వర్తించును. చూచిన స్థలముల పట్టిక వ్రాయించుటకు మాఱుగా, ఒక్క స్తంభముకడ పుట్టిన ఒక్క ప్రశ్నను వ్రాయించినచో యాత్ర సఫలమగును.

అరగంటలో టొలెడో స్టేషనుకు చేర్చుట వఱకే రైలు పని. వంతెన దాటి కొండ యెక్కుట యాత్రికుని వంతు.